రసీదు మీద సంతకం ఆపు చెల్లీ, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: అక్కా, మాది జనగామ జిల్లాలో ఒక చిన్న టౌన్. నాకు 26 ఏళ్ళు, బీకాం చేశాను. మూడేళ్ళుగా ఇక్కడే ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో పని. ఫోన్లు చేయడం, ఆదివారం కస్టమర్లను సైట్‌కి తీసుకెళ్ళడం, రసీదులు రాయడం అన్నీ నేనే. జీతం 14 వేలు, అదీ రెండు నెలలు లేటు, పాత వెంచర్ ఇన్సెంటివ్ ఇంకా రాలేదు. ఇప్పుడు మా సార్ కొత్త వెంచర్ మొదలుపెట్టారు. భూమి ఇంకా రైతుల పాస్‌బుక్కుల్లోనే ఉంది, సార్ అగ్రిమెంట్ మాత్రం చేసుకున్నారు, ఎల్పీ, అంటే లేఅవుట్ పర్మిషన్, వచ్చే నెల వచ్చేస్తుంది అంటున్నారు. ప్రీ లాంచ్ రేటు అని చెప్పి సగం పైసలు క్యాష్‌లో తీసుకోమంటున్నారు, రసీదు నన్నే రాసి సంతకం పెట్టమంటున్నారు. ఇప్పటికే ఐదుగురికి రాసిచ్చాను, రెండుసార్లు కస్టమర్ డబ్బులు నా ఫోన్‌పేకి వేయించుకుని సార్‌కి ఇచ్చాను. అందులో ఒక ఎకరం నా పేరు మీద రాయిస్తానని, తర్వాత మార్చుకుందామని కూడా అంటున్నారు. మా నాన్న ఫ్రెండ్ ఒకాయన, ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైర్ అయ్యారు, నన్ను నమ్మి 12 లక్షలు పెడతానంటున్నారు. నాకు భయంగా ఉంది. కానీ ఈ పని నాకు ఇష్టం, ఇంట్లో నా జీతం అవసరం. మానేయాలా, ఉండాలా?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానేయాలా ఉండాలా అని అడిగావు గానీ నీ ముందున్న అసలు ప్రశ్న అది కాదు, దానికి కొంచెం టైం ఉంది. టైం లేనిది ఆ రసీదు బుక్కు. ఈరోజు నుంచి ఆ కొత్త వెంచర్‌కి ఒక్క రసీదు కూడా నీ చేత్తో రాయకు, నీ ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా వేయించుకోకు, ఆ ఎకరం నీ పేరు మీదకి రానివ్వకు. ఈ మూడింటికీ కాదని చెప్పి ఉద్యోగంలో ఉండగలిగితే ఉండు, ఉండనివ్వకపోతే అప్పుడు మానేయడమే. నేను కూడా ఇలాంటి ఆఫీసుల్లోనే చాలా ఏళ్ళు పనిచేశాను, ఇప్పటికీ డాక్యుమెంట్ల పనిలోనే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు. మీ సార్ చేతిలో ఇప్పుడున్నది రైతులతో అగ్రిమెంట్ మాత్రమే, అంటే కొంత బయానా ఇచ్చి మిగతాది ఫలానా గడువులోపు కడతానని రాసుకున్న కాగితం. ఆ మిగతాది కట్టడానికే మీ దగ్గర బుకింగులు తీసుకుంటున్నారన్నమాట. బుకింగులు జోరుగా వస్తే రైతులకు పైసలు వెళ్తాయి, పని నడుస్తుంది. మార్కెట్ కొంచెం నెమ్మదిస్తే గడువు దాటిపోతుంది, రైతు ఇంకొకరికి అమ్ముకుంటానంటాడు, లేదా రేటు పెంచమంటాడు, అన్నదమ్ముల్లో ఒకరు నా వాటా సంగతేంటని కోర్టుకు వెళ్తారు, అప్పుడు మీ కస్టమర్లు కట్టిన డబ్బుకు కింద భూమే ఉండదు. ఎల్పీ వచ్చే నెల వస్తుందన్న మాట కూడా నమ్మేలా లేదు, ఎందుకంటే భూమి ఆయన పేరు మీదకి రావాలి లేదా రైతులతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అవ్వాలి, తర్వాత నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చడం), తర్వాత టౌన్ ప్లానింగ్ శాఖ డీటీసీపీ లేఅవుట్ అనుమతి, కొన్ని ప్లాట్లు లోకల్ బాడీకి మార్ట్‌గేజ్ (తాకట్టు) పెట్టడం, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు వేశాక ఫైనల్ లేఅవుట్, ఇంత ఉంది. పాస్‌బుక్ రైతు పేరు మీదే ఉండగా ఇదంతా ఒక నెలలో అవుతుందా నువ్వే చెప్పు, మూడేళ్ళుగా చూస్తున్నావు కదా.

ఇక చట్టం సంగతి. ప్లాట్లు, ఇళ్ళు కొనేవాళ్ళని కాపాడే రెరా చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన వెంచర్ ఏదైనా రెరాలో రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అసలు ప్రకటన కూడా ఇవ్వకూడదు. ప్రీ లాంచ్ అని పేరు పెట్టినా అంతే. రిజిస్టర్ అయిన వెంచర్లో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేయకుండా 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదని రాసి ఉంది, మీ దగ్గర సగం తీసుకుంటున్నారు. ఇది సార్ సమస్య కదా నాకేంటి అనుకోకు. కొనేవాళ్ళని అమ్మేవాళ్ళని కలిపి కమీషనో ఫీజో తీసుకునే ప్రతి మనిషినీ ఆ చట్టం ఏజెంట్ కిందే చూస్తుంది. ఏజెంట్ కూడా రిజిస్టర్ అవ్వాలి, రిజిస్టర్ కాని వెంచర్‌ని అమ్మిపెట్టకూడదు, తప్పితే రోజుకు 10 వేల చొప్పున జరిమానా, అది ఆ ప్లాటు విలువలో 5 శాతం దాకా వెళ్ళొచ్చు. నువ్వు జీతం మనిషివే అని చెప్పుకోవచ్చు గానీ నీకు అపాయింట్‌మెంట్ లెటర్ ఉందా? జీతం బ్యాంకులో పడుతుందా? చేతికి ఇస్తున్నారేమో అని నా అనుమానం. కాగితం లేని ఉద్యోగికి పైన ఇన్సెంటివ్ కూడా ఉంటే, నేను ఏజెంట్ కాదు అని నిరూపించుకోవడం కష్టం.

క్యాష్ సంగతి కూడా చెప్పాలి. స్థిరాస్తి లావాదేవీల్లో 20 వేలు, ఆపైన క్యాష్‌లో తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో 2015 జూన్ నుంచే ఉంది, తీసుకున్నవాళ్ళకి తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. తీసుకున్నది ఎవరు అంటే రసీదు మీద ఎవరి సంతకం ఉందో చూస్తారు, ఫోన్‌పే ఎవరి అకౌంట్‌కి వచ్చిందో చూస్తారు. నువ్వు ఆ పైసలు సార్‌కి ఇచ్చానంటున్నావు, ఎలా ఇచ్చావు? డ్రా చేసి చేతికి ఇచ్చి ఉంటే దానికి రుజువు లేదు, వచ్చినట్టు మాత్రం బ్యాంక్ స్టేట్‌మెంట్లో ఎప్పటికీ ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంట్ ఇవాళే తీసి పెట్టుకో. చేతికి ఇచ్చి ఉంటే సార్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టు, గొడవలా కాకుండా మామూలుగా, "సార్, ఫలానా తేదీన ఫలానా కస్టమర్ నా ఫోన్‌పేకి వేసిన ఇంత అమౌంట్ మీకు ఇచ్చాను కదా, లెక్కల బుక్కులో ఎక్కించారా" అని. ఎక్కించాను అని ఒక్క రిప్లై వస్తే అది నీకు కాగితమే.

ఆ ఎకరం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఆడపిల్లల్ని, డ్రైవర్లని, ఆఫీస్ బాయ్‌లని ఎక్కువగా ముంచేది ఇదే. మొదట ఆశగా ఉంటుంది, మన పేరు మీద ఎకరం అంట, పాస్‌బుక్ వస్తుందట అని. తహసీల్దార్ ఆఫీసుకు వెళ్ళి నీ ఆధార్, నీ వేలిముద్ర, నీ ఫోటో ఇస్తావు, పైసలు సార్‌వి, పేరు నీది. రేపు ఆ ఎకరంలో ప్లాట్లు కొన్నవాళ్ళ డాక్యుమెంట్లలో అమ్మినవారు అన్న చోట నీ పేరు ఉంటుంది, మీ సార్ పేరు ఎక్కడా ఉండదు. హద్దులు తేడా వచ్చినా, వెనకాల రైతు కూతురు వాటా కావాలని కేసు వేసినా, ఆ భూమి అసైన్డ్, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన, అమ్మకూడని భూమి అని తేలినా నోటీసు మీ నాన్న ఇంటికి వస్తుంది. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఇలా ఆస్తి పెట్టడం బినామీ చట్టం కిందికి వస్తుంది, 2016లో దాన్ని సవరించాక ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా ఉంది, ఆస్తి ఎలాగూ పోతుంది. పేరు ఇచ్చిన మనిషికి కూడా శిక్ష ఉంది, డబ్బు పెట్టినవాళ్ళకే కాదు. దీనికి కారణాలు చెప్పి వాదించాల్సిన పని లేదు, "మా నాన్న ఒప్పుకోవట్లేదు సార్" అను, మన ఊళ్ళల్లో ఆ మాటకు తిరుగులేదు. అలాగే జీపీఏ, అంటే ఇంకొకరి తరఫున అమ్మే అధికారం ఇచ్చే కాగితం, నీ పేరు మీద చేస్తామన్నా, ఖాళీ చెక్కుల మీద సంతకం అడిగినా, సాక్షి సంతకమే కదా అని చదవకుండా పెట్టమన్నా ఇదే జవాబు.

నువ్వు అంత దూరం ఆలోచించి భయపడుతున్నావేమో అని ఎవరైనా అంటే అగ్రిగోల్డ్ గుర్తు చెయ్యి. 32 లక్షల మంది డిపాజిట్‌దారులు, 6 వేల కోట్లకు పైగా డబ్బు. ప్లాట్లు ఇస్తాం, లేకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి ఇస్తాం అని కట్టించుకున్నారు. మూతపడ్డాక జనం విజయవాడ హెడ్డాఫీసుకు వెళ్ళలేదు, తమ ఊళ్ళో తమకు తెలిసిన ఏజెంట్ ఇంటి ముందు కూర్చున్నారు. ఆ ఏజెంట్లలో చాలామంది తమ సొంత డబ్బు, అక్కచెల్లెళ్ళ డబ్బు కూడా అందులోనే పెట్టినవాళ్ళు, నమ్మి చేసినవాళ్ళు. కొందరు ఊళ్ళు వదిలి వెళ్ళారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. మీ సార్‌ది అంత పెద్ద వ్యవహారం కాదు, ఆయన మోసం చేయాలనే చేస్తున్నారని కూడా నేను అనట్లేదు. కానీ చిన్న టౌన్‌లో కొనేవాళ్ళు కంపెనీని చూసి కొనరు చెల్లీ. ఫలానా వాళ్ళ బిడ్డ అందులో పనిచేస్తుంది, ఆ అమ్మాయి చెప్పింది అని కొంటారు. రేపు తేడా వస్తే కూరగాయల మార్కెట్లో, పెళ్ళిలో, గుళ్ళో ఎదురయ్యేది నీకే, "నీ మొఖం జూసే ఇచ్చిన బిడ్డా" అంటారు, దానికి నీ దగ్గర మాట ఉండదు. 14 వేల జీతానికి నువ్వు అమ్ముతున్నది మీ నాన్న ఇన్నేళ్ళు సంపాదించుకున్న మంచి పేరు.

ఆ కండక్టర్ కాక విషయానికి వస్తాను. ఆయన ఫోన్ చేసేదాకా ఆగకు, ఈ వారంలోనే మీ నాన్నతో కలిసి వాళ్ళింటికి వెళ్ళు. ఆఫీసులో చెప్పకు, ఫోన్లో చెప్పకు. సార్‌ని తిట్టాల్సిన పని లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, "కాకా, ఆ భూమి ఇంకా రైతుల పేరు మీదనే ఉంది, పర్మిషన్ రాలే, రెరా నంబర్ లే, నువ్వు రిటైర్మెంట్ పైసలు ఇప్పుడు పెట్టకు, అన్నీ వచ్చినంక నేనే వచ్చి చెప్త" అని. రేటు పెరిగిపోతుందేమో అంటాడు, అందరూ అదే అంటారు. పెరగనీ, కాగితం ఉన్న ప్లాటుకు గజానికి వెయ్యి ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఆయనకి నిజంగా ప్లాటే కావాలంటే ఫైనల్ లేఅవుట్ వచ్చిన వెంచర్లో, లేదా టౌన్‌లో ఎవరైనా అమ్ముకుంటున్న రీసేల్ ప్లాటు చూపించు. ఒక చిన్న పరీక్ష కూడా చెప్పు, లోన్ అవసరం లేకపోయినా సరే ఆ కాగితాలు పట్టుకుని ఒక ప్రభుత్వ బ్యాంకులో దీనికి లోన్ ఇస్తారా అని అడిగి రమ్మను. లోన్ ఇవ్వం అని బ్యాంకు అన్నదానికి 12 లక్షలు ఎందుకు పెట్టాలి. అందులో కొంత పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేసుకుంటే మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, ఆ వయసులో అది కూడా కావాలి.

ఇంకో మాట, సార్ రేపు ప్లాన్ మార్చి "పర్మిషన్ లేటవుతుంది, ఫామ్ ప్లాట్ల కింద గుంటల్లో రాయించి ఇద్దాం, పాస్‌బుక్ కూడా వస్తుంది" అనొచ్చు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు రిజిస్ట్రేషన్ చేయొద్దని 2020 ఆగస్టు 26న సబ్ రిజిస్ట్రార్లకు ఆదేశాలు వచ్చాక చాలామంది పట్టుకున్న దారి ఇదే. గుంట అంటే 121 గజాలు, రెండు గుంటలు కొన్నవాడు ఇల్లు కట్టుకోవచ్చనే కొంటాడు గానీ కాగితంలో అది వ్యవసాయ భూమి, ముందు చూపించిన 30 అడుగుల రోడ్డు కాగితంలో ఎక్కడా రోడ్డు కాదు, మిగిలిన భూమి ఎవరి పాస్‌బుక్కులో ఉందో వాళ్ళదే. రేపు వాళ్ళు ఆ దారికి అడ్డంగా కడీలు పాతితే ఏం చేస్తారు. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్లను ఫీజు తీసుకుని క్రమబద్ధం చేసే స్కీమ్) కట్టుకోవచ్చులే అని కొనేవాళ్ళకి చెప్పమంటే అది కూడా చెప్పకు, ఆ స్కీమ్ 2020 ఆగస్టు 26 కంటే ముందున్న లేఅవుట్ల కోసం పెట్టింది, కొత్తగా పుట్టే వాటికి కాదు. అప్పట్లో వచ్చిన పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులు ఏళ్ళ తరబడి ఎలా ఆగిపోయాయో నీకు తెలుసు, మీ ఆఫీసుకే ఎంతమంది వచ్చి అడిగి ఉంటారు.

సార్‌తో ఎలా మాట్లాడాలి అంటే, పొద్దున్నే ఆయన ఒక్కరే ఉన్నప్పుడు మాట్లాడు, కస్టమర్ల ముందు కాదు, కోపంలో కాదు. "సార్, ఫోన్లు చేస్తాను, పాత వెంచర్ సైట్ విజిట్లు చేస్తాను, రిజిస్ట్రేషన్ పనులు చూసుకుంటాను. కొత్తదానికి రెరా నంబర్ వచ్చేదాకా డబ్బు తీసుకునే పని, రసీదు పని నాకు వద్దు, అడిగినవాళ్ళ పేర్లు, నంబర్లు రాసి పెడతాను, నంబర్ వచ్చిన రోజు అందరికీ నేనే ఫోన్ చేస్తాను" అను. మూడేళ్ళు నమ్మకంగా చేసిన మనిషివి, లేఅవుట్ మ్యాప్ ముందు నిలబడి ఏ ప్లాటు ఎవరిదో చూడకుండా చెప్పగలిగేది ఆ ఆఫీసులో నువ్వే అయి ఉంటావు, వెంటనే పొమ్మనలేరు. కొంచెం అరుస్తారు, "అందరూ ఇట్లనే చేస్తున్నరు, నీకొక్కదానికే నీతులా" అంటారు. అన్నా మారకు. నెమ్మదించిన మార్కెట్లో రైతులకి గడువు దగ్గర పడుతున్న మనిషి, ఆయన మీద ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు, కానీ ఆ ఒత్తిడి నీ సంతకంతో తీరకూడదు.

జీతం బాకీ, ఇన్సెంటివ్ లెక్క ఒక కాగితం మీద రాసి, ఏ ప్లాటుకు ఎంత రావాలో వాట్సాప్‌లో పెట్టి ఒప్పించుకో. ఇవ్వకపోతే జిల్లా లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు, ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు నోటీసైనా ఇవ్వాలి, లేదా నెల జీతమైనా ఇవ్వాలి, షాపులు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఆ హక్కు ఉంది.

ఈ పని ఇష్టం అన్నావు, ఆ మాట చదివితే నాకు చాలా సంతోషం వేసింది. ఇది మంచి పని చెల్లీ, ఒక కుటుంబం జీవితంలో ఒక్కసారి పెట్టే పెద్ద డబ్బు దగ్గర మనం నిలబడతాం. పైగా కొనడానికి వచ్చినవాళ్ళలో భర్త రేటు అడుగుతాడు, భార్య మాత్రం నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, రాత్రి పూట ఆ దారిలో లైట్లు ఉంటాయా అని అడుగుతుంది, ఆమె నీతోనే అడుగుతుంది. అందుకే కాగితాలు చదవడం నేర్చుకో, అమ్మడం నీకు వచ్చేసింది. రోజూ ఒక సర్వే నంబర్ తీసుకుని ప్రభుత్వ భూరికార్డుల సైట్ భూభారతిలో ఎవరి పేరు మీద ఉందో చూడు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందేమో చూడు, ప్లాటు అయితే రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక, తీయి, 1983 నుంచి దొరుకుతుంది. ఈసీ చదివేటప్పుడు పాతదాని నుంచి కొత్తదానికి ఒక్కో లావాదేవీలో కొన్నవాడే తర్వాతి దాంట్లో అమ్మినవాడు అయ్యాడా లేదా చూడు, మధ్యలో లింకు తెగితే అక్కడ ఆగు, వారసులు ఎవరో, పంపకం కాగితం ఉందో లేదో అడుగు. మార్ట్‌గేజ్ కనిపిస్తే దానికి రిలీజ్ డాక్యుమెంట్ కూడా కనిపించాలి. ఈసీలో విస్తీర్ణం, హద్దులు రాసుకుని మోకా మీదకి వెళ్ళి కొలుచుకుని చూడు, కాగితంలో తూర్పున రోడ్డు అని ఉండి అక్కడ గెట్టు కనిపిస్తే ఎందుకో అడుగు. రెరా సైట్లో మన తెలంగాణ వెంచర్ల నంబర్లు పీ02 అని మొదలవుతాయి, నంబర్ ఉందంటే నమ్మేయకుండా తెరిచి ఆ సర్వే నంబర్లు మన బ్రోచర్లో ఉన్నవేనా అని సరిపోల్చు, ఒక ఫేజ్ నంబర్ చూపించి ఇంకో ఫేజ్ అమ్మేవాళ్ళు ఉన్నారు.

ఇది ఆరు నెలలు చేస్తే నీకు ఈ ఒక్క ఆఫీసే దిక్కు కాదు. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర, బ్యాంకులకి లీగల్ ఒపీనియన్ ఇచ్చే లాయర్ల దగ్గర కాగితం చదవడం వచ్చిన మనిషికి పని ఉంటుంది, హన్మకొండలో, హైదరాబాద్‌లో రెరా నంబర్ ఉన్న బిల్డర్ల ఆఫీసుల్లో కూడా ఉంటుంది. రెరాలో నువ్వే సొంతంగా ఏజెంట్‌గా రిజిస్టర్ అవ్వొచ్చు, ఒకసారి చేయించుకుంటే ఐదేళ్ళు ఉంటుంది. ఇప్పటి నుంచే వెతుకు, సార్ మాట వింటే అక్కడే ఉంటూ వెతుకు, ఇంకో పని చేతికి వచ్చేదాకా ఇంట్లోకి జీతం ఆగకూడదు.

చివరిగా ఆ ఐదుగురు. వీళ్ళని వదిలేసి నువ్వు ముందుకు పోలేవు. ఆ ఐదు రసీదుల నకళ్ళు, తేదీలు, మొత్తాలు ఒక పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టుకో. సార్‌ని కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఫలానా కస్టమర్ దగ్గర ఫలానా ప్లాటుకి ఇంత తీసుకున్నాం, ఫలానా తేదీలోపు పర్మిషన్ రాకపోతే మొత్తం వెనక్కి ఇస్తాం అని రాసి, ఆయన సంతకం, స్టాంపుతో ఐదుగురికీ ఇవ్వమని అడుగు, కస్టమర్లు అడుగుతున్నారనే చెప్పు. దానికి ఆయన ఒప్పుకుంటే నీ మీద బరువు చాలా తగ్గుతుంది. ఒప్పుకోకపోతే నువ్వే ఐదిళ్ళకీ వెళ్ళి భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో చెప్పు, డబ్బు వెనక్కి అడగాలా వద్దా అనేది వాళ్ళు తేల్చుకుంటారు, వెనక్కి రాకపోతే రెరాకి వాళ్ళే ఫిర్యాదు చేసుకోవచ్చని కూడా చెప్పు. ఆ రోజు నీ ఉద్యోగం పోవచ్చు, అందుకే ఆ ఇళ్ళకి వెళ్ళే ముందే జీతం బాకీల మెసేజ్ పెట్టి, సార్ దగ్గర నుంచి రిప్లై తెప్పించుకుని ఉంచుకో. లేబర్ ఆఫీసు కాగితం నింపడంలో ఏదైనా అర్థం కాకపోతే మళ్ళీ రాయి, నేను చూస్తాను.